క్రెత్-ఆ-పియెరో ముట్టడి (1802): శత్రువుల రచనల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కరీబియన్ ప్రాంతంలోని సాన్ దొమాంగ్ అనే ఫ్రెంచి వలస 1804 జనవరి 1న హైతీ పేరుతో స్వతంత్రదేశమైంది. ఆ యుద్ధంలో 1802 మార్చిలో జరిగిన క్రెత్-ఆ-పియెరో కోట ముట్టడి ఒక ముఖ్యఘట్టం. కోట చివరికి ఫ్రెంచివారి వశమైంది కనుక సైనికపరిభాషలో ఇది వారి విజయమే. అయినా ముట్టడి వేసిన సైన్యానికి చెందిన జనరల్ స్వయంగా రాసిన జ్ఞాపకాలు ఈ విజయాన్ని సందేహంతో, సిగ్గుతో గుర్తుచేసుకున్నాయి. కోటలో పోరాడినవారిలో అధికసంఖ్యాకులు తమ అనుభవాన్ని రాసిపెట్టలేదు. అందుచేత ఈ పోరాటాన్ని ప్రధానంగా ప్రత్యర్థుల రచనల నుంచే గ్రహించవలసి ఉంది. ఆ రచనలను ఎలా చదవాలి, వాటి నుంచి స్వేచ్ఛకూ స్వాతంత్ర్యానికీ మధ్య గల సంబంధం ఎలా తెలుస్తుంది అన్నవి ఈ వ్యాసం చర్చించే అంశాలు.

కీలకపదాలు: హైతీ, సాన్ దొమాంగ్, బానిసత్వం, దెసలీన్, లక్రువా, ముట్టడి, స్వేచ్ఛ, స్వాతంత్ర్యం.

1. ప్రవేశిక

ఫ్రెంచి విప్లవాన్ని గురించిన పాఠాలలో బానిసత్వ నిర్మూలన సాధారణంగా ఒక వాక్యంగా వస్తుంది. 1794లో ప్యారిస్‌లోని జాతీయ కన్వెన్షన్ బానిసత్వాన్ని రద్దు చేసిందనీ, తరువాత నెపోలియన్ దానిని పునరుద్ధరించాడనీ చదువుకుంటాం. ఈ వాక్యంలో విముక్తిని ఇచ్చినవారూ, తిరిగి లాక్కున్నవారూ కనిపిస్తారు. దానికోసం పోరాడినవారు మాత్రం కనిపించరు. వారిని చూడాలంటే సముద్రం దాటి కరీబియన్ దీవులకు వెళ్లాలి. ఆర్తిబోనిత్ నది ఒడ్డున గుట్టమీద ఉన్న ఒక చిన్న కోట అందుకు తగిన చోటు.

తెలుగులో 'స్వేచ్ఛ', 'స్వాతంత్ర్యం' అనే మాటలను మనం తరచు పర్యాయపదాలుగా వాడుతుంటాం. ఈ వ్యాసంలో వాటిని వేరుచేసి వాడుతున్నాను. ఒక మనిషి మరొక మనిషికి ఆస్తి కాకుండా ఉండడం స్వేచ్ఛ. ఒక దేశం మరొక దేశపు ఏలుబడిలో లేకుండా ఉండడం స్వాతంత్ర్యం. హైతీ చరిత్రలో ఈ రెండూ ఒకేసారి పుట్టలేదు. మొదటిది రెండవదానికి ఎలా దారితీసిందో క్రెత్-ఆ-పియెరో చూపుతుంది.

2. చారిత్రక నేపథ్యం

హిస్పానియోలా దీవి పశ్చిమభాగం 1697 నాటి రిస్విక్ సంధితో ఫ్రాన్సుకు దక్కింది. ఆ తరువాత నూరేళ్లలో సాన్ దొమాంగ్ చక్కెర, కాఫీ, నీలిమందు తోటలతో అత్యంత లాభదాయకమైన వలసగా మారింది. 1789 నాటికి అక్కడ దాదాపు 5,00,000 మంది బానిసలు ఉండేవారు. తెల్లవారు దాదాపు 30,000 మంది. స్వేచ్ఛ పొందిన నల్లవారూ, మిశ్రమజాతివారూ కలిసి ఇంచుమించు అంతే ఉండేవారు. చెరకు తోటలలో చాకిరీ ఎంత క్రూరమైనదంటే జననాల కన్నా మరణాలే ఎక్కువ. ఆ లోటును పూడ్చడానికి ఏటేటా ఆఫ్రికా నుంచి ఓడలలో మనుషులను దించేవారు. ఫలితంగా బానిసలలో అధికభాగం ఆఫ్రికాలో పుట్టినవారే. స్వేచ్ఛగా బతికిన రోజులు వారికి సొంత జ్ఞాపకాలు.

1791 ఆగస్టులో ఉత్తరమైదానంలోని బానిసలు తిరగబడి తోటలను తగలబెట్టారు. ఈ తిరుగుబాటు ఒత్తిడితోనూ, స్పెయిన్, బ్రిటన్‌లతో యుద్ధం వచ్చిపడినందువల్లనూ ఫ్రెంచి ప్రతినిధి సొంతొనాక్స్ 1793 ఆగస్టు 29న ఉత్తరప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. 1794 ఫిబ్రవరి 4న ప్యారిస్ కన్వెన్షన్ ఆ నిర్ణయాన్ని వలసలన్నింటికీ వర్తింపజేసింది. అంటే, చట్టం రాకముందే తిరుగుబాటు వచ్చింది. చట్టం దానికి ఆమోదముద్ర వేసింది.

పూర్వం బానిసగా ఉన్న తూసాన్ లూవెర్త్యూర్ 1794లో ఫ్రెంచి గణతంత్రపక్షాన చేరి స్పెయిన్ సైన్యంతోనూ, బ్రిటిష్ సైన్యంతోనూ పోరాడాడు. 1798లో బ్రిటిష్‌వారు దీవి విడిచి వెళ్లారు. 1801 నాటి రాజ్యాంగం తూసాన్‌ను జీవితకాల గవర్నరుగా ప్రకటించి, ఆ నేలమీద బానిసత్వాన్ని శాశ్వతంగా నిషేధించింది. అయితే అది సాన్ దొమాంగ్‌ను ఫ్రాన్సు నుంచి విడదీయలేదు. పైగా తోటల ఉత్పత్తిని నిలబెట్టడానికి తూసాన్ పనివారిపై కఠినమైన నిబంధనలు విధించాడు. ఆయన కోరుకున్నది ఫ్రెంచి గణతంత్రంలోనే ఉంటూ, బానిసత్వం లేని వలస.

నెపోలియన్ దీనికి సమ్మతించలేదు. తన బావమరిది లెక్లెర్ నాయకత్వంలో పెద్ద నౌకాదళాన్ని పంపాడు. అది 1801 డిసెంబరులో బయలుదేరి, 1802 ఫిబ్రవరి ఆరంభంలో సాన్ దొమాంగ్ తీరానికి చేరింది. తొలివిడతలోనే ఇంచుమించు 20,000 మంది సైనికులు వచ్చారు. రంగుతో నిమిత్తం లేకుండా అందరూ ఫ్రెంచివారేననీ, స్వేచ్ఛాజీవులేననీ నెపోలియన్ ప్రకటన హామీ ఇచ్చింది. లెక్లెర్‌కు అందిన రహస్య ఆదేశాలు వేరు. నల్లజాతి సేనానులను మొదట బుజ్జగించి, తరువాత నిరాయుధులను చేసి, చివరకు దేశం దాటించాలన్నది వాటి సారాంశం.

3. కోట దాకా వచ్చిన దారి

తూసాన్ వ్యూహం సరళమైనది. తీరపట్టణాలను తగలబెట్టి కొండల్లోకి తప్పుకోవాలి. వర్షాకాలం వచ్చి, కొత్తగా వచ్చిన సైనికులను పచ్చజ్వరం పట్టుకునేదాకా వారిని నిలవరించాలి. ఫిబ్రవరి 4న క్రిస్తోఫ్ కాప్ ఫ్రాన్సే నగరానికి నిప్పుపెట్టాడు. ఫిబ్రవరి 23న రవీన్-ఆ-కులూవ్ర్ కనుమలో తూసాన్, ఫ్రెంచి జనరల్ రొషాంబోతో తలపడ్డాడు. ఆ రోజుల్లోనే తూసాన్ ముఖ్యసేనాని జాన్-జాక్ దెసలీన్ సాన్-మార్క్ పట్టణాన్ని తగలబెట్టాడు. మొదట నిప్పు పెట్టింది తాను కొత్తగా కట్టించుకున్న ఇంటికే.

ఈ తగలబెట్టడంతోపాటు హత్యలూ జరిగాయి. దెసలీన్ సైనికులు తమ దారిలోని తెల్లజాతి పౌరులను పెద్దసంఖ్యలో చంపారు. వెర్రెత్ అనే ఊరిలో ఫ్రెంచి సైనికులకు గుట్టలుగా శవాలు కనిపించాయి. ఫ్రెంచి సైన్యం కూడా పట్టుబడినవారిని కాల్చిచంపింది. ఈ రెండు వాస్తవాలనూ దాచకుండా చెప్పుకున్న తరువాతనే ముట్టడి వృత్తాంతంలోకి వెళ్లడం సమంజసం.

కాహో పర్వతాలలోకి వెళ్లే దారికి కాపలాగా, ప్తీత్-రివియేర్ అనే ఊరి దగ్గర ఉన్నదే క్రెత్-ఆ-పియెరో. బ్రిటిష్‌వారి ఆక్రమణకాలంలో కట్టిన చిన్న కోట అది. తూసాన్ దానిని దెసలీన్‌కు అప్పగించాడు. రక్షకుల సంఖ్య దాదాపు 1,200.

4. ముట్టడి

మార్చి 4న జనరల్ దెబెల్ దళం మొదటి దాడి చేసింది. కోట బయట ఉన్న నల్లజాతి సైనికులు వెనుదిరిగి పరుగెత్తినట్టు కనిపించారు. ఫ్రెంచివారు వారిని తరుముతూ కోట ముంగిటి దాకా వచ్చారు. అప్పుడు ముందున్నవారు ఒక్కసారిగా కందకంలోకి దూకారు. వారి వెనుక నుంచి కోట ఫిరంగులు పేలాయి. దెబెల్ తీవ్రంగా గాయపడ్డాడు. వందలమంది నేలకొరిగారు.

మార్చి రెండవవారంలో మరింత పెద్ద సైన్యం వచ్చింది. ఇదే ఎత్తుగడ మళ్లీ పారింది. జనరల్ బూదే గాయపడ్డాడు. జనరల్ దుగువా గాయపడ్డాడు. లెక్లెర్‌కు కూడా దెబ్బ తగిలింది. పైఅధికారులు వరుసగా పడిపోగా పాంఫీల్ ద లక్రువా ఆ దళానికి సారథ్యం వహించవలసివచ్చింది. మన ముఖ్యసాక్షులలో ఒకడు ఈ లక్రువాయే.

ఈ దాడికి ముందు దెసలీన్ మందుగుండు పీపాల దగ్గర మండుతున్న కాగడా పట్టుకుని నిలబడ్డాడు. ఫ్రెంచివారికి మళ్లీ బానిసలు కాదలచినవారు బయటికి పోవచ్చుననీ, ఫ్రెంచివారు కోటలోకి అడుగుపెడితే అందరితో కలిపి దానిని పేల్చివేస్తాననీ ప్రకటించాడు. తరువాత ఆయన బయటినుంచి అదనపు బలగాన్ని కూడగట్టడానికి వెళ్లాడు. కోటను మాన్యీ, లమార్తినియేర్ అనే ఇద్దరు అధికారులకు అప్పగించాడు. లమార్తినియేర్ కొద్దిమందితో పక్కనున్న ఎత్తుపై మరో చిన్న బురుజును నిర్మించి దానిని కాపాడాడు. రొషాంబో దానిమీద దాడిచేసి దాదాపు 300 మందిని పోగొట్టుకున్నాడు.

ఎదురుదాడులతో పని జరగదని తేలాక ఫ్రెంచివారు కోటను చుట్టుముట్టి ఫిరంగులతో కొట్టసాగారు. ఆ ఫిరంగిదళంలో అప్పటికి ఫ్రెంచిపక్షాన ఉన్న అలెగ్జాందర్ పెతియోన్ కూడా ఉన్నాడు. మిశ్రమజాతికి చెందిన ఈ అధికారి తరువాత హైతీ గణతంత్రానికి అధ్యక్షుడయ్యాడు. ఎవరు ఎటు నిలుస్తారన్నది 1802 మార్చిలో ఇంకా తేలలేదని ఈ ఒక్క విషయమే చెబుతుంది.

కోటలో నీళ్లు అయిపోయాయి. దాహాన్ని మరిపించుకోవడానికి సైనికులు సీసపు తూటాలను నోట పెట్టుకుని నమిలారు. మార్చి 24 రాత్రి దెసలీన్ ఆదేశం అందాక మిగిలినవారు ముట్టడి వలయాన్ని చీల్చుకుని బయటపడ్డారు. తెల్లవారాక ఫ్రెంచివారికి దక్కినవి ఖాళీ కోట, శవాలు, కదలలేని క్షతగాత్రులు. ఈ చిన్న కోటకోసం ఫ్రెంచిసైన్యం పోగొట్టుకున్నవారి సంఖ్య దాదాపు 1,500 అని చరిత్రకారుల అంచనా. అంటే కోటలో ఉన్నవారందరికన్నా ఎక్కువ.

5. ముగ్గురు సాక్షులు

ఈ వృత్తాంతం మనకు మూడు దారులలో చేరింది.

మొదటిది లక్రువా రాసి 1819లో ప్రచురించిన జ్ఞాపకాలు. ఆయన ముట్టడి వేసినవాడు. రెండవది మిషెల్ ఎతియెన్ దెకూర్తీ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1809లో ప్రచురించిన యాత్రాగ్రంథం. ఆయన దెసలీన్ సైనికులకు పట్టుబడి, కోటలో గాయపడినవారికి వైద్యం చేయవలసివచ్చిన బందీ. లోపలి దాహం, భయం, కాగడా దృశ్యం మనకు తెలియడంలో ఆయన రచన పాత్ర పెద్దది. మూడవది హైతీ చరిత్రకారుడు తొమా మదియూ 1847 నుంచి ప్రచురించిన హైతీ చరిత్ర. యుద్ధంలో పాల్గొన్న వృద్ధుల మాటలను ఆయన విని నమోదు చేశాడు. కోటగోడలపై తిరుగుతూ సైనికులకు తూటాలు అందించి, తానూ తుపాకి పట్టిన మరీ-జాన్ అనే స్త్రీ ప్రధానంగా మదియూ ద్వారానే చరిత్రకెక్కింది. శత్రువులు రాసిన పుటలలో దొరకని మనిషిని వృద్ధుల జ్ఞాపకం దక్కించిపెట్టింది.

మొదటి ఇద్దరూ నిష్పాక్షికులు కారు. దెకూర్తీ బానిసత్వాన్ని సమర్థించిన తోటల యజమానుల బంధువర్గానికి సన్నిహితుడు, ప్రాణభయంతో బతికిన బందీ. లక్రువా ఓడిపోయిన దండయాత్రలో పాల్గొన్న అధికారి. వారు నల్లవారి క్రూరత్వాన్ని గురించి రాసినప్పుడు మనం జాగ్రత్తగా చదవాలి. అయితే తమ పక్షానికి నష్టం కలిగించే విషయాన్ని వారే ఒప్పుకున్నప్పుడు ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఆ విధంగా లక్రువా రచనలో ముఖ్యమైనవి నాలుగు ఉన్నాయి.

ఒకటి: నష్టాలు ఎంత భారీగా ఉన్నాయంటే, వాటిని తగ్గించి చెప్పవలసిందిగా లెక్లెర్ తన అధికారులను కోరాడనీ, తన అధికారిక నివేదికలలో తానూ అలాగే తగ్గించాడనీ లక్రువా రాశాడు. అధికారపత్రాలలోని అంకెలను యథాతథంగా నమ్మరాదని ఆ పత్రాలు తయారైన చోటునుంచే వచ్చిన హెచ్చరిక ఇది.

రెండు: 12,000 మందికి పైగా చుట్టుముట్టి ఉండగా లమార్తినియేర్ సగంకన్నా తక్కువమందిని మాత్రమే కోల్పోయి బయటపడడాన్ని ఆయన అసాధారణమైన సైనికకార్యంగా మెచ్చుకున్నాడు.

మూడు: ముట్టడి సమయంలో ఒక నల్లజాతి పురుషుడూ, ఒక స్త్రీ ఫ్రెంచివారికి దొరికారు. వారు చూపు లేనట్టూ, చెవులు వినబడనట్టూ నటించారు. కొట్టినా మూలిగారే తప్ప మాట్లాడలేదు. లక్రువా జాలిపడి వదిలిపెట్టించాడు. తుపాకిదెబ్బకు అందనంత దూరం వెళ్లాక ఇద్దరూ నాట్యం చేస్తూ కోటవైపు పరుగెత్తారు. కోటను ఖాళీ చేయమన్న ఆదేశాన్ని మోసుకెళ్లింది వారేనని ఆయనకు తరువాత తెలిసింది. ఆ ఇద్దరి పేర్లు ఆ కథనంలో లేవు. వారిని కొట్టించిన పక్షమే వారి తెగువకు సాక్ష్యమైంది.

6. కోటలోంచి వినిపించిన గీతాలు

నాలుగవ విషయం ఈ వ్యాసానికి కేంద్రం. ముట్టడి కాలంలో కోటలోని వాద్యబృందం విప్లవ ఫ్రాన్సు దేశభక్తిగీతాలను వాయించేది. అవి ఫ్రెంచి శిబిరంలోకి వినిపించేవి. ఆ స్వరాలు తమలో బాధ కలిగించాయని లక్రువా ఒప్పుకున్నాడు. సైనికులు అధికారుల ముఖాలవైపు ప్రశ్నార్థకంగా చూశారట. న్యాయం ఆ అనాగరిక శత్రువుల పక్షాన ఉందా? తాము ఇంకా గణతంత్రసైనికులమేనా, లేక ఎవరి రాజకీయానికో పనిముట్లుగా మారామా? ఆ చూపుల భావాన్ని ఆయన ఈ అర్థం వచ్చేలా వివరించాడు.

ఈ సన్నివేశంలో వింత ఏమీ లేదు. దెసలీన్ 1802 నాటికి ఫ్రెంచి గణతంత్రసేనలో జనరల్. ఆయన మనుషులు ఆ గణతంత్రపు పేరుతోనే స్పెయిన్‌తోనూ, బ్రిటన్‌తోనూ పోరాడినవారు. ఆ గీతాలు వారికి అరువు సొత్తు కావు. స్వేచ్ఛ, సమానత్వం అనే మాటలను వారు తమ శరీరాలకు సంబంధించిన మాటలుగా అర్థం చేసుకున్నారు. ప్యారిస్ ఆ మాటల నుంచి తప్పుకుంటున్నప్పుడు వాటిని పట్టుకుని నిలిచినవారు వీరు.

ఇదే కోటలో మరో మాట కూడా వినిపించింది. ధైర్యంగా ఉండమనీ, ఫ్రెంచివారు మొదట గెలిచినా త్వరలో జబ్బుపడి ఈగల్లా రాలిపోతారనీ, తాను లొంగిపోయినట్టు కనిపించినా మళ్లీ తిరగబడతాననీ, చివరికి వారిని స్వతంత్రులను చేస్తాననీ దెసలీన్ సైనికులతో అన్నట్టు నమోదై ఉంది. ట్రినిడాడ్‌లో పుట్టిన చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో ప్రచురించిన తన 'బ్లాక్ జాకొబిన్స్'లో ఈ మాటకు ఎంతో ప్రాధాన్యం ఇచ్చాడు. తూసాన్ ఉచ్చరించని 'స్వాతంత్ర్యం' అనే లక్ష్యాన్ని దెసలీన్ ఇక్కడ తన సైనికుల ముందు పెట్టాడు.

ఫ్రెంచి గణతంత్రపు గీతం, ఫ్రాన్సు నుంచి విడిపోవాలన్న మాట ఒకే కోటలో ఎలా ఇమిడాయి? మొదటిదానిని నిజంగా నమ్మినందువల్లనే రెండవది అవసరమైందని నా అభిప్రాయం. ఫ్రాన్సు పాలనలో స్వేచ్ఛ నిలిచే అవకాశం ఉన్నంతకాలం వారు ఫ్రాన్సు పౌరులుగానే పోరాడారు. ఆ అవకాశం పోయినప్పుడు స్వేచ్ఛను నిలబెట్టుకోవడానికి స్వాతంత్ర్యం ఒక్కటే మార్గమైంది.

7. ముట్టడి తరువాత

ఏప్రిల్ చివరలో క్రిస్తోఫ్, మే నెలలో తూసాన్, దెసలీన్ లెక్లెర్‌తో సంధి చేసుకున్నారు. జూన్ 7న తూసాన్‌ను మోసంతో బంధించి ఫ్రాన్సుకు పంపారు. అక్కడ జూ కోటలో 1803 ఏప్రిల్ 7న ఆయన మరణించాడు. దెసలీన్ కొన్ని నెలలపాటు ఫ్రెంచివారి పక్షాన పనిచేసి తిరుగుబాటుదారులను అణచివేశాడు కూడా. ఆ వేసవిలో యుద్ధాన్ని ఆరిపోకుండా నిలిపింది పేరున్న సేనానులు కాదు. మకాయా, సాన్-సూసీ వంటి నాయకుల వెంట కొండల్లో ఉండి ఆయుధాలు అప్పగించడానికి నిరాకరించిన సామాన్యులు.

1802 మే 20 నాటి ఫ్రెంచి చట్టం, బ్రిటన్ నుంచి తిరిగి వచ్చిన వలసలలో బానిసత్వాన్ని కొనసాగించింది. గ్వాడలూప్‌లో ప్రతిఘటనను అణచి అక్కడ కూడా బానిసత్వాన్ని పునరుద్ధరించారు. ఆ వార్త సాన్ దొమాంగ్‌కు చేరాక సందేహానికి తావు లేకపోయింది. అక్టోబరులో పెతియోన్, దెసలీన్, క్రిస్తోఫ్ ఫ్రెంచివారిని విడిచి తిరుగుబాటులో కలిశారు. కోటను ఫిరంగులతో కొట్టినవాడూ, కోటను కాపాడినవాడూ ఒకే పక్షానికి చేరారు. నవంబరు ఆరంభంలో లెక్లెర్ పచ్చజ్వరంతో మరణించాడు. 1803 నవంబరు 18న వెర్తియేర్ యుద్ధంలో రొషాంబో ఓడిపోయాడు. 1804 జనవరి 1న గొనాయీవ్ పట్టణంలో దెసలీన్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు.

ఫ్రెంచిసైన్యాన్ని ఓడించింది దోమలేనన్న వాదం ఒకటి తరచు వినిపిస్తుంది. జ్వరం వేలమందిని పొట్టన పెట్టుకున్న మాట నిజమే. అయితే క్రెత్-ఆ-పియెరో వద్ద జరిగిన నష్టం మార్చి నెలలో, జ్వరం విజృంభించకముందు జరిగింది. అక్కడ ఫ్రెంచివారిని కూల్చినవి తుపాకులు, ఫిరంగులు. అదీగాక, జ్వరం వచ్చేదాకా శత్రువును నిలవరించాలన్నది మొదటినుంచీ ఉన్న వ్యూహం. ఆ వ్యూహానికి కావలసిన కాలాన్ని సంపాదించిపెట్టినవి ఇటువంటి పోరాటాలే. జ్వరాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ కాలంకోసం ప్రాణాలిచ్చినవారు చరిత్రలో మరొకసారి కనిపించకుండా పోతారు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- క్రెత్-ఆ-పియెరో ఫ్రెంచివారి వశమైనా, ముట్టడి వారి సైనికబలాన్ని దెబ్బతీసింది. తాము చేస్తున్నది న్యాయమన్న నమ్మకాన్ని కూడా కదిలించింది.
- సాన్ దొమాంగ్ పోరాటంలో స్వేచ్ఛ లక్ష్యంగా ముందు నిలిచింది. దానికి రక్షణగా స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. ఒకే కోటలో వినిపించిన గణతంత్రగీతాలూ, దెసలీన్ మాటా ఈ పరిణామానికి నిదర్శనాలు.
- రాతలు మిగల్చని ప్రజల చరిత్రను శత్రువుల రచనలలో వెదకవలసివచ్చినప్పుడు, ఆ రచయితలు తమకు ప్రతికూలంగా ఒప్పుకున్న విషయాలు ప్రధానాధారాలవుతాయి. మదియూ వంటివారు సేకరించిన మౌఖికసాక్ష్యం వాటిని పూరిస్తుంది.

పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిన బానిసత్వ నిర్మూలన వెనుక దాహంతో సీసం నమిలిన 1,200 మంది ఉన్నారు. వారిలో మనకు పేర్లు తెలిసినవారు వేళ్లమీద లెక్కించదగినంతమంది. మిగిలినవారి విషయంలో మనకు దక్కింది, గోడల అవతలినుంచి వారి గీతాన్ని విన్న ఒక శత్రుసేనాని కలత. దానిని చరిత్రాధారంగా స్వీకరించి చదవడం ఈ విషయంలో పరిశోధకుల కనీసబాధ్యత.